థాయ్ హోటల్లో తాతబ్బాయి గారి ఫోటో

భీమవరం గంధంవారి వీధిలో తెలివంతా ఒక్క ఇంట్లోనే మకాం పెట్టిందని ఒక ప్రతీతి ఉంది. ఆ ప్రతీతి పుట్టిందీ పెరిగిందీ కూడా ఆ ఇంట్లోనే. పాపం, ఏనాడూ గడప దాటి వీధిలోకి వచ్చిన పాపాన పోలేదు.

ఇంటి యజమాని తాతబ్బాయికి సైకిళ్ళ కొట్టుంది. ఆయన భార్య రామసీత, తల్లి బంగారమ్మ, పెళ్ళికాని తమ్ముడు అబ్బులు. నలుగురికి నలుగురూ ఎదుటివాళ్ళ మాటకి విలువిచ్చే మనుషులు. "పెద్దమనిషి ఒక మాటన్నాడంటే దానికో అర్థం ఉంటుంది. ఉన్న అర్థం వదిలేసి లేని అర్థం వెతుక్కునేవాడే తెలివితక్కువవాడు" అని తాతబ్బాయి రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అనేవాడు. మిగతా ముగ్గురూ తలలూపేవారు.

ఒకసారి రామసీత "పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండు" అని మరిదికి చెప్పి పెరట్లోకి వెళ్ళింది. వచ్చేసరికి గిన్నెలో పాలు లేవు. పొయ్యి మీదా గట్టు మీదా నేల మీదా ఉన్నాయి. "చూశాను వదినా! మొదట అంచుల దగ్గర నురగొచ్చింది, తరవాత మధ్యలో లేచింది, ఆ తరవాత అంతా పొంగింది. రెప్ప వేస్తే ఒట్టు" అన్నాడు అబ్బులు. "ఎంత శ్రద్ధరా నీకు!" అని మెచ్చుకుని ఆ పూటకి అందరూ పాలు లేని కాఫీ తాగారు. అదీ ఆ ఇంటి సంగతి.

ఇంత తెలివున్నా తాతబ్బాయికి ఒక్క బాధ మాత్రం తీరలేదు. ఎదురింటి పట్టాభి గారు. వీధిలో మొదటి స్కూటరు పట్టాభి గారిది. మొదటి కూలరు పట్టాభి గారిది. ఆఖరికి దోమల మందు గొట్టం వీధిలోకి వచ్చినా మొదట పొగ వెళ్ళేది పట్టాభి గారింట్లోకే. తాతబ్బాయి బతుకంతా రెండోవాడుగానే గడిచింది. చచ్చేలోగా ఒక్కసారి, దేంట్లోనైనా సరే, తన ఇల్లు ముందుండాలని ఆయన కోరిక.

అలాంటి రోజుల్లో వీధి మొదట్లో మూతపడ్డ కుట్టు మిషన్ల కొట్టుకి కొత్త బోర్డు కట్టారు. 'త్వరలో ప్రారంభం. దొరబాబు థాయ్ రెస్టారెంట్. మీ రాక కోసం ఎదురు చూస్తున్నాం.'

ఇంకేముంది, వీధి వీధంతా ఒక్క పూటలో థాయ్‌లాండు నిపుణులైపోయారు. నిన్నటిదాకా పెసరట్టులో ఉప్మా ఎక్కువైందా తక్కువైందా అని కొట్టుకున్నవాళ్ళు ఇవాళ కొబ్బరిపాల చిక్కదనం గురించి వాదించుకుంటున్నారు. పట్టాభి గారైతే ఆ దేశం మీదుగా విమానంలో వెళ్ళిన వాళ్ళ బావమరిది గారి నోటితో ఆ రుచులన్నీ తానే చూసినట్టు చెప్పేవాడు.

తాతబ్బాయి బోర్డు చదివి పరుగున ఇంటికొచ్చాడు.

"ఒసే, లేవండి, బట్టలు మార్చుకోండి! అక్కడ మన కోసం ఎదురు చూస్తున్నారంట!"

"ఎప్పట్నించిరా?" అంది బంగారమ్మ కంగారుగా.

"ఎప్పట్నించో. రంగు కూడా ఆరిపోయింది."

"అయ్యో పాపం! కబురు చెయ్యొచ్చు కదా" అంటూ ముసలమ్మ పట్టుచీర తీసింది. పావుగంటలో నలుగురూ ముస్తాబై ఆ కొట్టు ముందు నిలబడ్డారు. షట్టరు దించి ఉంది. అబ్బులు దాని మీద దబదబా బాది, "వచ్చేశామండోయ్! ఇంక ఎదురు చూడక్కర్లేదు!" అని అరిచాడు.

నిచ్చెన మీద పువ్వుల బొమ్మ వేస్తున్న పెయింటరు కిందకి చూశాడు. "ఇంకా తెరవలేదండి."

"మరి ఎదురు చూస్తున్నామని రాశారుగా?"

"అది ఊరికే రాస్తారండి."

"ఊరికే రాస్తారా!" తాతబ్బాయికి ఒళ్ళు మండింది. "ఇంత పెద్ద అక్షరాలతో, ఎర్రరంగుతో, ఊరికే రాస్తారా? ఎదురు చూసేవాణ్ణి పిలవ్వయ్యా!"

ఈ గోలకి షట్టరు సగం లేపుకుని దొరబాబు బయటికొచ్చాడు. కుర్రాడేం కాదు, నలభై దాటినవాడే. బ్యాంకాక్‌లో ఓ పెద్ద హోటల్లో వంటచేసి, ఉన్నదంతా ఊడ్చి ఈ కొట్టులో పెట్టినవాడు. పట్టుచీరలూ పంచెలూ చూసి మొదట బిత్తరపోయినా, వ్యాపారస్తుడు కదా, చేతులు జోడించాడు.

"మీ కోసమే చూస్తున్నానండి, ఆయ్. రేపో మాపో తెరిచేస్తాం. మీరే ముందు రావాలి. మొట్టమొదట భోంచేసిన కుటుంబం ఫోటో గోడ మీద పెడదామనుకుంటున్నాను. కాపోతే ఖాళీ కడుపుతో రావాలి మరి!"

తాతబ్బాయికి ఒళ్ళు జలదరించింది. ఫోటో! గోడ మీద! పట్టాభి గారు వచ్చి తినేటప్పుడల్లా తలెత్తి తన మొహం చూడాల్సిందే. ఆ సంతోషంలో ఇంటికి నడిచాడో తేలాడో ఆయనకే తెలీదు. ఇల్లు చేరగానే రామసీత అన్నం వడ్డించబోయింది. తాతబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఖాళీ కడుపుతో రమ్మన్నాడు. రేపో మాపో అన్నాడు. మాపు అంటే ఇవాళ రాత్రే కావచ్చు. ఇప్పుడు తింటే కడుపెట్టా ఖాళీ అవుద్ది?"

అంతే. పొయ్యి ఆరింది. అన్నం పక్కింటి గేదెకి వెళ్ళింది. రామసీత ఆలోచించి మజ్జిగకి మాత్రం అనుమతిచ్చింది. నీళ్ళు కడుపులో నిలవవు కాబట్టి అది ఖాళీ కిందే లెక్క అని తీర్పు చెప్పింది.

గేదెకి పెట్టిన అన్నం ఊరికే పోలేదు. థాయ్ కూరల్లో నిమ్మగడ్డి వేస్తారని పట్టాభి గారు అరుగు మీద ఉపన్యాసం ఇస్తుంటే అబ్బులు విన్నాడు. గడ్డి అంటే గడ్డే కదా. నలుగురిలో నవ్వులపాలు కాకుండా ముందే నేర్చుకుంటే మంచిదని వెళ్ళి గేదె ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. చీకటిపడేవేళకి దిగాలుగా ఇంటికొచ్చాడు.

"అన్నయ్యా, నమలడం కష్టం కాదు. కానీ అది మింగాక మళ్ళీ పైకి తెచ్చుకుని నములుతోంది. అది మన వల్ల అవుతుందంటావా?"

"అలవాటైతే అదే వస్తుందిలేరా" అని ధైర్యం చెప్పాడు తాతబ్బాయి. చెప్పాడే గానీ ఆయనకీ లోపల భయంగానే ఉంది.

మర్నాడు పొద్దున్న హోటలు తెరవలేదు. పొయ్యిల గొట్టాలు రాలేదన్నాడు దొరబాబు. "ఎప్పుడండి?" అంటే మళ్ళీ "రేపో మాపో" అన్నాడు. నలుగురూ మజ్జిగ తాగి గోడలకి చేరగిలబడ్డారు. ఎదురింటి అనసూయమ్మ, అంటే పట్టాభి గారి భార్య, పంచదార బదులుకొచ్చి వీళ్ళ వాలకం చూసింది.

"ఏంటి రామసీతా, అలా నీరసపడ్డావు? ఏదైనా వ్రతమా?"

"థాయ్ భోజనం కోసమండి. తెరిచేదాకా ఏం తినకూడదంట."

"ఓహో, నియమం ఉందా! ఫలం ఏంటమ్మా?"

"ఫోటో అండి."

అనసూయమ్మకి సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థం కాని సగాన్ని భక్తి అనుకుని దండం పెట్టుకుని వెళ్ళింది. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా థాయ్ వ్రతం పట్టారు. ఉపవాసం, మజ్జిగ, పసుపు రంగు చీర. పసుపు ఎందుకని ఎవరూ అడగలేదు. బాగా చదువుకున్నవాళ్ళు మజ్జిగలో అల్లం కూడా వేసుకున్నారు.

ఎట్టకేలకి ఆ మర్నాడు మధ్యాహ్నం హోటలు తెరిచారు. షట్టరు లేచేసరికి గుమ్మం ముందు మొదట నిలబడింది ఎవరనుకున్నారు? తాతబ్బాయే! వెనక రామసీత, ఆ వెనక బంగారమ్మని చంకలు పట్టుకుని నిలబెట్టిన అబ్బులు. వాళ్ళ వెనక పట్టాభి గారు, సెంటు కొట్టుకుని, మొహం మాడ్చుకుని. ఆ వెనక వీధంతా. తాతబ్బాయి ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ వరస చూసుకున్నాడు. పట్టాభి గారు తన వెనక! తాతబ్బాయి కళ్ళు చెమ్మగిల్లాయి. లోపల్నించి కొబ్బరిపాలూ వేగిన వెల్లుల్లీ కలిసిన వాసన రెండు రోజుల ఆకలి మీద గుప్పుమంది. ఇంక ఒక్క అడుగు.

దొరబాబు కొత్త చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. "రండి రండి తాతబ్బాయి గారూ! మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి!"

తాతబ్బాయి గడప మీద పెట్టబోయిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

"మా ఇల్లా?"

"మీ ఇల్లేనండి!"

తాతబ్బాయి తల్లి వైపు చూశాడు. బంగారమ్మ నీరసంగా ఉన్నా మర్యాద తెలిసిన మనిషి. "విన్నావురా? మన ఇల్లంట. మన ఇంటికి ఇంతమంది చుట్టాలొచ్చి ఎండలో నిలబడుంటే వాళ్ళకి పెట్టకుండా మనం ముందు కూర్చుని తింటామా? మీ నాన్న ఉంటే చెవి మెలేసేవాడు."

నిజమే. అతిథులు చేతులు కడుక్కున్నాక గానీ ఇంటివాళ్ళు కంచం ముందు కూర్చోకూడదు. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఆ నియమం తప్పలేదు. తాతబ్బాయి గుండె పిండేసినట్టయింది. గోడ మీద మేకు కొట్టి సిద్ధంగా ఉంది. కెమెరా పట్టుకుని ఫోటోగ్రాఫరు కూడా నిలబడున్నాడు. అయినా మాట మాటే. పక్కకి జరిగి చేతులు జోడించాడు.

"పట్టాభి గారూ, దయచెయ్యండి. మీ రాకతో మా ఇల్లు పావనమైంది."

పట్టాభి గారు జీవితంలో ఎప్పుడూ రెండోసారి పిలిపించుకున్న మనిషి కాదు. చటుక్కున వెళ్ళి మధ్య బల్ల ముందు కూర్చున్నాడు. వీధంతా లోపలికి తోసుకొచ్చింది. ఇంక చూడండి మనవాళ్ళ మర్యాదలు! అబ్బులు గ్లాసులతో నీళ్ళు పెట్టాడు. రామసీత కొంగు బిగించి ఆకుపచ్చ కూర గిన్నె దొరబాబు చేతిలోంచి లాక్కుంది. బంగారమ్మ కుర్చీ వేసుకుని "నెమ్మదిగా తినండి, మన ఇల్లే" అని అందర్నీ పలకరిస్తోంది. తాతబ్బాయి పల్లీల పొడి చల్లిన సేమియా ఒక్కొక్కరికే కొసరి కొసరి వడ్డిస్తూ, ప్రతిసారీ గుటక వేస్తున్నాడు. హోటలు పనివాళ్ళకి ఏం చెయ్యాలో తోచక గోడకి ఆనుకుని నిలబడ్డారు.

పట్టాభి గారు మామిడిపండు ముక్కలతో జిగురన్నం మూడోసారి వేయించుకుని, "ఇంక వద్దమ్మా, పొట్ట పగిలిపోతుంది!" అన్నాడు.

రామసీత చేతిలో గిన్నె దభీమని కింద పడింది. "అబ్బులూ! తువ్వాలు! పరిగెత్తు! పట్టాభి గారి పొట్ట!"

అంతే. అబ్బులు తువ్వాలు తెచ్చాడు, తాతబ్బాయి వెనకనించి పట్టుకున్నాడు, రామసీత ఆయన నడుం చుట్టూ తిప్పి గట్టిగా ముడేసింది. "ఊపిరాడ్డం లేదు, వదలండి!" అంటాడాయన. "వదిలితే పగులుద్దండి, ఓర్చుకోండి!" అంటారు వీళ్ళు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు క్లిక్‌మనిపించాడు. మొట్టమొదట భోంచేసిన కుటుంబం ఫోటోలో వీళ్ళ మొహాలు పడలేదు; పట్టాభి గారు మాత్రం పొట్టకి తువ్వాలు కట్టుకుని, కళ్ళు తేలేసి ఉన్నాడు. అయినా సరే ఫోటో ఫోటోనే. అప్పటికప్పుడే కడిగించి మేకుకి తగిలించారు.

అందరూ త్రేన్చుకుంటూ వెళ్ళిపోయాక దొరబాబు వంటింట్లోంచి బయటికొచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. గిన్నెలన్నీ ఖాళీ. గోడకింద వరసగా నలుగురు కూర్చునున్నారు. తాతబ్బాయి పైన ఫోటో వంక చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"అదేంటండి, మీరు తినలేదా!"

"ఇంటివాళ్ళం కదండి" అన్నాడు తాతబ్బాయి వెక్కుతూ.

దొరబాబు తల పట్టుకున్నాడు. సగం కోపం, సగం జాలి. చివరికి జాలే గెలిచింది. "ఊరుకోండి తాతబ్బాయి గారూ. రేపు మధ్యాహ్నం భోజనానికి రండి, మీకే ముందు పెడతాను. మీ నలుగురి ఫోటో కూడా ఒకటి తెచ్చి ఆ పక్కన పెట్టుకోండి. మీ ఇంట్లో గోడ మీద ఎలా పెట్టుకుంటారో అలాగే మీ చేత్తో పెట్టుకోండి. సరేనా?"

ఆ మాటతో ముసలమ్మకి కూడా ఓపిక లేచొచ్చింది. ఆ రాత్రి కూడా పొయ్యి రాజెయ్యలేదు. రేపు మళ్ళీ భోజనానికి రమ్మన్నాడంటే కడుపు మళ్ళీ ఖాళీగా ఉండాలి కదా!

పొద్దున్నే దొరబాబు కూరల మార్కెట్టుకి వెళ్ళిన వేళ నలుగురూ వచ్చారు. పనివాళ్ళు తలుపు తీశారు. ఆమధ్య అబ్బులు పుట్టినరోజుకి స్టూడియోలో తీయించుకున్న ఫోటో, పెద్ద చెక్క ఫ్రేము కట్టించింది, పట్టుకొచ్చారు. గోడకి తగిలించి కాస్త వెనక్కి జరిగి చూసుకున్నారు.

"ఏదో వెలితిగా ఉందిరా" అంది బంగారమ్మ. "మన ఇంట్లో గోడ మీద మీ తాత ఫోటో ఉంది, మీ నాన్న ఫోటో ఉంది, మీ మేనత్త ఫోటో ఉంది. ఇలా మెడలు బోసిగా ఉన్నాయా?"

"అవునే, దండేదీ!" అన్నాడు తాతబ్బాయి. "ఇంట్లో ఎలా పెట్టుకుంటామో అలాగే పెట్టమన్నాడుగా!"

ఇంకేముంది, అబ్బులు పరిగెత్తి బంతిపూల దండ తెచ్చాడు. రామసీత ఫ్రేముకి దండ వేసి, నలుగురి నుదుటా కుంకుమ బొట్లు పెట్టి, కింద ఒక దీపం, రెండు అగరొత్తులు వెలిగించింది. చూడ్డానికి నిండుగా ఉంది. నలుగురూ భక్తిగా ఒక దండం పెట్టుకుని, స్నానాలు చేసి వద్దామని ఇంటికెళ్ళారు.

పదకొండు గంటలవేళ మొదటి బేరం వచ్చింది, నిన్న కూడా తినెళ్ళిన ఇద్దరు కాలేజీ మాస్టార్లు. కుర్చీ లాగబోతూ గోడ చూశారు. పొట్టకి తువ్వాలు కట్టుకుని కళ్ళు తేలేసిన పట్టాభి గారు. ఆ పక్కనే దండ, దీపం, నలుగురు మనుషులు.

"నిన్న ఇక్కడ వడ్డించింది వీళ్ళే కదండీ?"

"నలుగురూ ఒకేసారా!"

మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా బయటపడ్డారు. వీధి చివరికి చేరేసరికి కూరలో ఏదో పడిందన్నారు. కాలవ దాటేసరికి గడ్డిలో పాము ఉందన్నారు. పట్టాభి గారికి తెలిసేసరికి ఆయనకి తువ్వాలు కట్టిన చోటే నొప్పి మొదలైంది, రిక్షా ఎక్కి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. దొరబాబు మార్కెట్టు నించి వెనక తలుపున వంటింట్లోకి వచ్చి వంటంతా వండి కూర్చుంటే పిట్ట కూడా రాలేదు.

ఇక్కడ తాతబ్బాయి జరీ పంచె కట్టుకుంటుంటే గుమ్మం ముందు ఏడుపు వినిపించింది. కిటికీలోంచి చూస్తే అనసూయమ్మ, కొంగులో మొహం దాచుకుని, వీధి ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని అరుగు మీద కూలబడింది. "ఎంత పని జరిగిందండీ తాతబ్బాయి గారూ! నిన్న మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ వడ్డించి, ఇవాళ నలుగురూ ఒక్కసారే వెళ్ళిపోయారా!"

తాతబ్బాయి కిటికీ దగ్గర్నించి వెనక్కొచ్చి నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు. "మనం పోయామంట" అన్నాడు.

"నేను పోలేదే" అన్నాడు అబ్బులు.

"నీకేం తెలుసురా? ఊరంతా చెప్తుంటే!"

బంగారమ్మ పొట్ట తడుముకుంది. "నిజమేరా. నిన్నటిదాకా ఆకలి చంపేసింది. ఇవాళ ఏం తెలీడంలేదు. పోయినట్టే ఉంది."

"ఫోటోకి దండ కూడా వేశారు, నా కళ్ళతో చూశాను" అంది రామసీత కళ్ళు తుడుచుకుంటూ.

"వేసింది నువ్వేగా వదినా?"

"నేనైనా ఊరికే వేస్తానా!"

ఆ మాటతో అబ్బులు కూడా నమ్మేశాడు. తాతబ్బాయికి దుఃఖం ఆగలేదు. మన మనుషులు పోతే మనం కాక ఎవరేడుస్తారు? నలుగురూ బయటికొచ్చి అనసూయమ్మ పక్కన చతికిలబడి గొల్లుమన్నారు. కాసేపటికి అనసూయమ్మ కొంగు తీసి పక్కకి చూసి, కెవ్వుమంది.

"మీరు! మీరు బతికే ఉన్నారు తాతబ్బాయి గారూ!"

తాతబ్బాయి తల అడ్డంగా ఊపాడు. "ఓదార్చాలని మీరేదో అంటారు గానీ, ఊరుకోండమ్మా. పోయినవాళ్ళు తిరిగొస్తారా?"

ఈలోగా దొరబాబు సంగతి తెలుసుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. చెప్పాడు, బతిమాలాడు, తాతబ్బాయిని గిల్లి కూడా చూపించాడు. "దుఃఖంలో ఉన్నవాణ్ణి గిల్లుతావేంటయ్యా" అని బంగారమ్మ కోప్పడింది. "చావింట్లో పొయ్యి రాజెయ్యకూడదు. మనుషులన్నాక ఎవరైనా ఇంత వండి పంపాలి గానీ!"

దొరబాబు గిరుక్కున వెనక్కి తిరిగాడు. హోటలుకి వెళ్ళి, తినే దిక్కులేక చల్లారిపోతున్న గిన్నెలన్నీ పనివాళ్ళ చేత మోయించుకొచ్చి అరుగు మీద పెట్టాడు. ఆకుపచ్చ కూర, పల్లీల సేమియా, జిగురన్నం. ఈసారి ఇంటివాళ్ళు, అతిథులు అన్న పేచీ రాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకే ముందు పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. పోయినవాళ్ళు అంత ఆబగా తినడం చూసి, పలకరించడానికి వచ్చిన వీధివాళ్ళు కూడా మెల్లగా ఒక్కొక్క విస్తరి జరుపుకున్నారు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తాతబ్బాయికి కొబ్బరిపాల తీపీ, పచ్చిమిరప ఘాటూ ఒకేసారి తగిలాయి. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారగా కారాయి. చెంపలు తుడుచుకుని, రెండో ముద్ద కలుపుకుంటూ, పక్కనున్న అనసూయమ్మ వైపు తిరిగి నిట్టూర్చాడు.

"పాపం, తాతబ్బాయి ఉండుంటే ఎంత ఇష్టంగా తినేవాడోనమ్మా!"